సీఓటూ టర్బైన్ సరే, పైపు సంగతేంది? నెల్లూరు, ప్రకాశం జిల్లాల మెకానికల్ హెచ్ఓడీలకి బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇంజనీరింగ్ కాలేజీల్లో మెకానికల్ డిపార్ట్‌మెంట్లు నడిపే హెచ్ఓడీ సార్లకి, మేడమ్‌లకి, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులకి గైడ్లుగా ఉండే లెక్చరర్లందరికీ నమస్కారం.

నేను కాలేజీ మనిషిని కాదు. కృష్ణపట్నం వైపు థర్మల్ ప్లాంట్లలో షట్‌డౌన్ పడినప్పుడల్లా బాయిలర్ ట్యూబుల ఇన్‌స్పెక్షన్ చేసే బ్యాచ్‌లో ఉంటాను, అల్ట్రాసోనిక్ మీటరు పట్టుకొని బాయిలర్ నెత్తి మీదుండే పెంట్‌హౌస్‌లోకి దూరడం, థిక్‌నెస్ రాసుకోవడం, పగుళ్ళు కనిపెట్టే రంగు (డీపీ) టెస్టులు, లోహం పైభాగం అచ్చు తీసే రెప్లికాలు, ఇదే పని. నీకూ మాకూ ఏంది సంబంధం అంటారేమో, మీ పిల్లలే నా దగ్గరికి వస్తన్నారు సార్. ఊళ్ళో వాళ్ళ మామ దగ్గరో బాబాయి దగ్గరో నంబరు తీసుకొని ఫోన్ చేసి, "అన్నా, సూపర్ క్రిటికల్ సీఓటూ పవర్ సైకిల్ మీద ప్రాజెక్టు చేస్తన్నాం, ప్లాంట్ డేటా ఏమన్నా ఇస్తావా" అంటారు. అంటే స్టీమ్ బదులు బాగా నొక్కిన వేడి కార్బన్ డయాక్సైడుతో (సీఓటూతో) టర్బైన్ తిప్పడం. మంచి పిల్లలు, కష్టపడతన్నారు, ల్యాప్‌టాప్‌లో కంప్రెసరు, టర్బైను, రికూపరేటరు (బయటికొచ్చే వేడిని మళ్ళీ వాడుకునేది) అన్నీ కట్టేసి 700 డిగ్రీల దగ్గర ఎఫిషియెన్సీ 50 శాతం దాటిందని గ్రాఫ్ తీసి చూపిస్తారు. బాగుంది నాయనా, మరి ఆ 700 డిగ్రీల పైపు దేంతో చేస్తావు అంటే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకొని, "ఎస్ఎస్ 316 అన్నా, స్టెయిన్‌లెస్ గదా, తుప్పు పట్టదు" అంటారు. అదే మాట రిపోర్టులో కూడా ఉంటది, కింద గైడు సంతకం కూడా ఉంటది.

నా బాధంతా ఆ ఒక్క లైను గురించే. గ్రాఫులో పైకి పోయే కొద్దీ ఆ గీత ఎక్కడ ఆగాలో చెప్పేది సాఫ్ట్‌వేర్ కాదు, లోహం. ఆ లోహం సంగతి తేలాలంటే కోట్లు అక్కర్లేదు గానీ టైము కావాలి, నెలలూ సంవత్సరాలూ కావాలి, అందుకే ఇప్పుడే మొదలుపెట్టమని అడగడానికి ఈ లేఖ. ఏం మొదలుపెట్టాలో కింద చెప్తా, ముందు ఎందుకో చెప్పనీయండి, ఇది పిల్లలు కూడా చదువుతారు కాబట్టి కొంచెం విడమరిచే చెప్తాను, మీకు తెలిసినవి వస్తే దాటుకుంటూ పోండి.

నీళ్ళకి క్రిటికల్ పాయింట్, అంటే ద్రవానికీ ఆవిరికీ తేడా పోయే చోటు, 374 డిగ్రీలు, 221 బార్ ప్రెషర్. మన నేలటూరు దగ్గర దామోదరం సంజీవయ్య స్టేషన్‌లో ఉన్న 800 మెగావాట్ల యూనిట్లు ఆ పైన నడిచేవే, సూపర్ క్రిటికల్ అంటే మన జిల్లాకి కొత్త మాటేం కాదు. సీఓటూకి అదే పాయింట్ 31 డిగ్రీలు, 74 బార్ దగ్గరే వచ్చేస్తది. ఆ దగ్గర్లో గ్యాసు ద్రవం లాగా చిక్కబడతది, కంప్రెస్ చేయడానికి ఖర్చయ్యే పని బాగా తగ్గిపోతది, టర్బైను కూడా స్టీమ్ టర్బైన్‌తో పోలిస్తే చాలా చిన్నదైపోతది. 1960ల చివర్లోనే అమెరికాలో ఫెహర్, ఇటలీలో ఆంజెలినో ఈ సైకిల్ మీద రాశారు, తర్వాత చానా ఏళ్ళు ఎవురూ పట్టించుకోలా, 2004లో ఎంఐటీలో దొస్తాల్ అనే ఆయన థీసిస్ వచ్చినాక మళ్ళీ ఊపందుకుంది. ఇప్పుడు టెక్సాస్‌లో శాన్ ఆంటోనియోలో 10 మెగావాట్ల టెస్ట్ ప్లాంట్ ఉంది, స్టెప్ అంటారు, 2024లో 500 డిగ్రీల దగ్గర నడిపారు, అసలు టార్గెట్ 715. మన దేశంలో బెంగళూరు ఐఐఎస్సీలో చిన్న టెస్ట్ లూప్ కట్టారు. అంటే పిల్లలు ఎంచుకున్న సబ్జెక్టు గాలి కబుర్లు కాదు, మంచి సబ్జెక్టే.

మనకి పనికొచ్చేదే అని కూడా అంటాను. మార్కాపురం, కనిగిరి వైపు ఎండకి కొదవలేదు, నీళ్ళకే కరువు, సోలార్ థర్మల్ పెట్టి దానికి నీళ్ళు తక్కువ తాగే టర్బైన్ పెట్టాలంటే సీఓటూ బానే ఉంటది. కాకపోతే ఒక చిన్న మెలిక, రోహిణి కార్తెలో ఆ ఊళ్ళల్లో గాలే 44, 45 డిగ్రీలుంటే ఆ గాలితో గ్యాసుని 31కి చల్లారబెట్టడం ఎవురి వల్లా కాదు, కంప్రెసర్ దగ్గర దొరికే ఆ లాభం కొంత ఆడే పోతది. ఇదీ ప్రాజెక్టు రిపోర్టుల్లో కనపడదు, యాడో చల్లటి దేశం టెంపరేచరే మక్కీకి మక్కీ వేసి ఉంటది. సరే అది వేరే గొడవ.

లోహం దగ్గరికి వద్దాం. సీఓటూ అంటే పిల్లల బుర్రలో ఏముందంటే మంటలార్పే గ్యాసు, సోడాలో వేసే గ్యాసు, దేంతోనూ కలవదు అని. మామూలు వేడి దగ్గర, తడి లేకుండా ఉంటే, నిజమే. తడి ఉంటే చల్లటి వైపు కార్బోనిక్ యాసిడ్ అయి మైల్డ్ స్టీల్‌ని తినేస్తది, దాని కథ వేరు. నేను చెప్పేది 500 డిగ్రీల పైన సంగతి. అక్కడ ఇనుముకీ క్రోమియానికీ ఆక్సిజన్ మీద ఎంత ఆశంటే సీఓటూలో ఉన్న ఆక్సిజన్‌ని కూడా లాగేసుకుంటాయి, మిగిలేది కార్బన్ మోనాక్సైడు. పైన ఆక్సైడు పొర కట్టుకుంటది. ఇక్కడిదాకా స్టీమ్‌లో జరిగేదే, మాకు అలవాటైందే, సూపర్ హీటర్ ట్యూబు కోసి చూస్తే లోపల వైపు నల్లటి పొర ఉంటది, పైన మాగ్నటైటు, కింద ఇనుము క్రోమియం కలిసిన పొర.

తేడా ఆ కింద మొదలవుతది. స్టీమ్‌లో మిగిలేది హైడ్రోజను, సీఓటూలో మిగిలేది కార్బన్ ఉన్న గ్యాసు. ఇక్కడ పిల్లలకి ఒక డౌటు వస్తది, తెలివైనోడికే వస్తది: బయట గ్యాసులో లెక్క వేస్తే కార్బన్ యాక్టివిటీ (లోహంలోకి దిగే బలం) లెక్కలోకి రానంత తక్కువ గదా, స్టీల్‌లోకి కార్బన్ ఎట్టా దిగుతది అని. మన కోట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంట ఉన్నోళ్ళ పిల్లోడైతే వాడికి ఇట్టా చెప్పండి: గుంటలో పైన మీటరు పెట్టి చూస్తే ఆక్సిజన్ బానే ఉంటది, అడుగు బురదలో మాత్రం అసలు ఉండదు, అందుకే పైన పుట్టని చెడ్డ గ్యాసు అడుగున పుట్టుద్ది. ఆక్సైడు పొర కింద, లోహాన్ని ఆనుకొని ఉన్న చోట కూడా అంతే, ఆక్సిజన్ పొటెన్షియల్ దాదాపు ఏమీ ఉండదు, పొర సందుల్లోంచి సీఓటూ గానీ సీఓ (కార్బన్ మోనాక్సైడు) గానీ ఆడికి చేరిందంటే దాంట్లో ఆక్సిజన్ పొరకి పోతది, కార్బన్ లోహంలోకి పోతది. బయట మీటరు ఏం చెప్పిందన్నది ఆడ పనికిరాదు.

లోపలికి దిగిన కార్బన్ ఊరికే ఉండదు, క్రోమియాన్ని పట్టుకొని కార్బైడ్ అయి కూర్చుంటది. ఆటోనగర్‌లో గేర్లకి కేస్ హార్డెనింగ్ చేయించేటప్పుడు కావాలని ఎక్కించేది ఇదే కార్బన్, ఇక్కడ మనం అడక్కుండానే ఎక్కుతది. గేరుకి పై తోలు గట్టిపడితే లాభం, ప్రెషర్‌లో ఉండే పైపుకి గట్టిపడితే పెళుసు, సాగే గుణం తగ్గిపోతది, వేడెక్కి చల్లారే ప్రతిసారీ పగులు రావడానికి దారి దొరుకుద్ది. దానికన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. స్టెయిన్‌లెస్‌కి రక్షణ అంతా క్రోమియా అనే పల్చటి క్రోమియం ఆక్సైడు పొర, ఆ పొర చిరిగినప్పుడల్లా కింద నుంచి కొత్త క్రోమియం వచ్చి పూడ్చాలి. ఆ క్రోమియం కాస్తా కార్బైడ్లలో ఇరుక్కుపోతే పూడ్చేదానికి ఏం మిగలదు, ఇనుము ఆక్సైడు పైకి తన్నుకొస్తది, అది మందంగా పెరుగుద్ది, గ్యాసుని ఆపలేదు, ఇంకా కార్బన్ దిగుద్ది. దీన్నే బ్రేక్‌అవే అంటారు. అప్పటిదాకా నెమ్మదిగా ఉన్నది ఒక్కసారిగా పరుగు అందుకుంటది.

ఇది నా సొంత కవిత్వం కాదు సార్, దీనికి బ్రిటన్ వాళ్ళు చాలా ఖర్చు పెట్టుకున్నారు. వాళ్ళ మ్యాగ్నాక్స్ అణు రియాక్టర్లకి చల్లబరిచే గ్యాసు సీఓటూనే, 1956లో కాల్డర్ హాల్‌తో మొదలు. 1960ల చివరికొచ్చేసరికి లోపల మైల్డ్ స్టీల్ బోల్టులు అనుకున్నదానికన్నా వేగంగా ఆక్సిడైజ్ అవుతున్నాయని తేలింది, బోల్టుకీ నట్టుకీ మధ్య ఆక్సైడు పెరిగి బోల్టుని లాగి చంపేస్తది. ఏం చేశారు? గ్యాసు టెంపరేచర్ తగ్గించి నడిపారు, దాంతో పవరూ తగ్గింది. కట్టేటప్పుడు వేసిన ఎఫిషియెన్సీ లెక్క ఒకటి, చివరికి లోహం ఒప్పుకున్న లెక్క ఇంకోటి. తర్వాత ఏజీఆర్ అనే ఇంకో రకం అణు రియాక్టర్లొచ్చాయి, 40 బార్ పైచిలుకు సీఓటూ, వేడి గ్యాసు 600 డిగ్రీలు దాటి ఉంటది, బాయిలర్లో 9 శాతం క్రోమియం ట్యూబులు వాడారు, వాటికి కూడా వేల గంటలు బుద్ధిగా ఉన్నాక బ్రేక్‌అవే వస్తదని తెలిసి ఆ ట్యూబుల టెంపరేచర్ మీద దశాబ్దాల పాటు కన్నేసి ఉంచాల్సి వచ్చింది. వేల గంటలు బుద్ధిగా ఉన్నాక, ఈ ముక్క పిల్లల చేత అండర్‌లైన్ చేయించండి, ఎందుకంటే 500 గంటల టెస్టు చేసి "రెసిస్టెన్స్ ఎక్సలెంట్" అని రాసే పేపర్లు ఎన్నో ఉన్నాయి.

ఏ మిశ్రమం యాడిదాకా పనికొస్తదంటే స్థూలంగా ఇట్టా ఉంటది. మన ప్లాంట్లలో వాడే టీ22, టీ91 లాంటివి (క్రోమియం తక్కువుండే బాయిలర్ స్టీళ్ళు) సీఓటూలో 550 దగ్గరికొచ్చేసరికే మందపాటి రెండు పొరల ఇనుము ఆక్సైడు పెంచుకుంటాయి, కింద కార్బైడ్లు, అందుకని వాటిని 450, 500 లోపు వైపే ఉంచుతారు. 304, 316, 347 లాంటి ఆస్టెనిటిక్ స్టెయిన్‌లెస్‌లు ఇంకొంచెం పైకి, 600 చుట్టుపక్కల నుంచి వాటి మీదా నమ్మకం సడలుతది, 650, 700లో 316 మీద బుడిపెలు బుడిపెలుగా ఇనుము ఆక్సైడు లేస్తది. 310 రకాల్లో క్రోమియం 25 శాతం ఉంటది కాబట్టి కొంత మేలు. 700 పైన నిజంగా నిలబడేవి నికెల్ మిశ్రమాలు, 617, 625, 230, 282, 740హెచ్ ఇట్టాంటివి, ఇవి పల్చటి క్రోమియా కట్టుకొని నెమ్మదిగా పోతాయి, పైగా ఆ వేడిలో బలం కూడా ఉంటది. శాన్ ఆంటోనియో ప్లాంట్‌లో వేడి వైపు 740హెచ్ వాడింది ఊరికే కాదు. దాంట్లో నికెల్ దాదాపు సగం, కోబాల్ట్ 20 శాతం, రేటు సంగతి మీరే ఊహించుకోండి, అందుకే ప్రతి 50 డిగ్రీలకీ ఇంత గొడవ. 600 దగ్గర ఆగితే స్టీల్‌తో సరిపెట్టుకోవచ్చు, 700కి పోతే ప్లాంట్ రేటే మారిపోతది, అప్పుడు ఎఫిషియెన్సీలో వచ్చిన నాలుగు పాయింట్లు పైపులకే సరిపోతాయేమో అన్న లెక్క వేయాలి. ఆ లెక్క వేసిన ప్రాజెక్టు ఒక్కటి నాకు చూపించండి, మా బ్యాచ్ మొత్తానికీ నెల్లూరు చేపల పులుసు నేను పెట్టిస్తా.

నికెల్ మిశ్రమాలు మనకి కానివేం కాదు. అడ్వాన్స్‌డ్ అల్ట్రా సూపర్ క్రిటికల్ ప్రోగ్రామ్ అని బీహెచ్ఈఎల్, ఎన్‌టీపీసీ, కల్పాక్కం అణు పరిశోధన కేంద్రం ఐజీకార్ కలిసి 700 డిగ్రీల పైన నడిచే స్టీమ్ ప్లాంట్ కోసం పని చేశాయి, దానికి 617ఎం, 304హెచ్‌సీయూ ట్యూబులు హైదరాబాద్‌లోనే ప్రత్యేక లోహాలు చేసే మిధానీ, అణు ఇంధనం చేసే ఎన్ఎఫ్‌సీ కలిసి తీశాయి. అంటే ట్యూబు తీసే చేతులు మనోళ్ళవే. అవి స్టీమ్ కోసం పరీక్ష చేసినవి, సీఓటూలో ఏమైతాయో చూడటం ఇంకో పని, దానికి మనలాంటోళ్ళం కూడా సాయం పట్టొచ్చు.

ఇంకో ముఖ్యమైన సంగతి, దీన్నే మా ప్లాంటోళ్ళు కూడా మొదట అర్థం చేసుకోరు. "మా సూపర్ హీటర్‌లో 300 మైక్రాన్ల ఆక్సైడు ఉన్నా నడుస్తంది గదా, సీఓటూలో 50 మైక్రాన్లకే ఎందుకంత గోల" అంటారు. మా ట్యూబు గోడ 6, 8 మిల్లీమీటర్లు ఉంటది సార్, పోతే పోయింది. సీఓటూ సైకిల్‌లో ప్రాణమంతా రికూపరేటర్‌లో ఉంటది, టర్బైన్ నుంచి బయటికొచ్చిన వేడిని మళ్ళీ లోపలికి తిప్పేది అదే, అది లేకపోతే ఎఫిషియెన్సీ మాటే లేదు. అది ప్రింటెడ్ సర్క్యూట్ హీట్ ఎక్స్‌ఛేంజర్ అయితే లోహపు రేకుల మీద మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల కాలవలు చెక్కి, రేకులన్నీ, కరిగించకుండా వేడిలో నొక్కే డిఫ్యూజన్ బాండింగ్‌తో ఒకే దిమ్మగా అతికిస్తారు. కాలవకీ కాలవకీ మధ్య గోడ మిల్లీమీటరు కూడా లేనిచోట్లుంటాయి, దానికి రెండు పక్కలా సీఓటూనే. రెండు పక్కల నుంచీ కార్బన్ దిగితే మధ్యలో మంచి లోహం ఎంత మిగులుద్ది? ఆక్సైడు పెచ్చులూడిందంటే ఆ సన్నటి కాలవ పూడిపోతది, ఎగిరిపోయిన పెచ్చు టర్బైన్ బ్లేడుకి తగులుద్ది. మాకు 347 ట్యూబుల్లో పెచ్చులూడి కింద బెండులో కుప్ప పడి, స్టీమ్ ఆడక ట్యూబు ఓవర్‌హీట్ అయి పగలడం తెలిసిన వ్యవహారమే, కాకపోతే మేము ఎక్స్‌రే తీసి ఆ బెండు కోసి కొత్తది వెల్డింగ్ పెడతాం. ఆ దిమ్మలో ఏం కోస్తావు, ఏం వెల్డింగ్ పెడతావు?

ఇప్పుడు అసలు అడగాలనుకున్నవి.

మొదటిది, మీ రెండు జిల్లాల కాలేజీలు నాలుగైదు కలిసి ఒక ట్యూబ్ ఫర్నేస్ పెట్టండి. అల్యూమినా ట్యూబు, వేడి కొలవడానికి నమ్మకమైన థర్మోకపుల్, సీఓటూ సిలిండరు, గ్యాసు సన్నగా పారడానికి ఫ్లోమీటరు, అంతే. 200 బార్ ఆటోక్లేవ్ (ప్రెషర్ పాత్ర) జోలికి మాత్రం పోవద్దు, చేతులెత్తి మొక్కుతా, 600 డిగ్రీల దగ్గర అంత ప్రెషర్ అంటే పిల్లల ప్రాణాలతో ఆట, దానికి వేరే అనుమతులు, వేరే మనుషులు కావాలి. మరి 1 బార్‌లో చేస్తే ఏం లాభం అంటారేమో, అమెరికాలో ఓక్ రిడ్జ్ ల్యాబ్ వాళ్ళు నికెల్ మిశ్రమాల్ని 1 బార్‌లోనూ 300 బార్‌లోనూ 750 డిగ్రీల దగ్గర పెట్టి చూస్తే ఆక్సైడు పెరగడంలో ప్రెషర్ వల్ల పెద్ద తేడా కనపడలా. స్టీళ్ళలో కార్బన్ వ్యవహారం ప్రెషర్‌తో కొంత మారుద్ది, ఆ సంగతి రిపోర్టులో రాసుకోండి. ఏదేమైనా 1 బార్ డేటా అసలు డేటా లేకపోవడం కన్నా వంద రెట్లు నయం. గ్యాసు మాత్రం కిటికీ బయటికి వదలండి, సీఓటూ గాలికన్నా బరువు, మూసిన గదిలో కింద పేరుకుంటది, దాంట్లో సీఓ కూడా కాస్త ఉండొచ్చు.

ఆ ఫర్నేస్ ఆపొద్దు. ఇదే అసలు షరతు. 1,000 గంటలంటే 42 రోజులు, 10,000 గంటలంటే దాదాపు 14 నెలలు, ఒక బ్యాచ్ పిల్లలు మొదలుపెడితే ఇంకో బ్యాచ్ ముగించాలి. ప్లాంట్ 30 ఏళ్ళు నడవాలంటే రెండున్నర లక్షల గంటలు దాటుద్ది, దాని ముందు 500 గంటలు ఏ మూలకి? పొర పారాబోలిక్‌గా పెరుగుతంటే నాలుగు రెట్లు టైముకి రెండు రెట్లు మందం, అది మంచి గుర్తు, ఆ గీత నుంచి పైకి విరిగిందంటే బ్రేక్‌అవే మొదలైనట్టు, ఆ విరిగే చోటుని పట్టుకోవడానికే ఇన్ని నెలలు. కరెంటు పోతే ఎట్టా అంటారు, పోతది, జనరేటర్ మీద నడపండి, అదీ కుదరకపోతే పోయిన టైము, చల్లారిన టైము రిజిస్టర్‌లో రాసి మళ్ళీ ఎక్కించండి, చల్లారి వేడెక్కడం కూడా ఒక టెస్టే, పెచ్చులు ఊడేది అప్పుడే.

కూపన్ల గురించి, అంటే ఫర్నేస్‌లో పెట్టే లోహపు ముక్కల గురించి, పిల్లలకి ఒకటి రెండు సంగతులు చెప్పాలి. 20 బై 10 మిల్లీమీటర్ల ముక్క, ఒకటిన్నర మిల్లీమీటరు మందం అనుకుంటే మొత్తం ఉపరితలం 5 చదరపు సెంటీమీటర్లు కూడా రాదు. చదరపు సెంటీమీటరుకి అర మిల్లీగ్రాము బరువు పెరిగిందంటే మొత్తం మీద రెండున్నర మిల్లీగ్రాములు, దాన్ని కెమిస్ట్రీ ల్యాబ్‌లో పాత త్రాసు మీద తూస్తే మీకొచ్చేది సోది, 0.01 మిల్లీగ్రాము చూపించే బ్యాలెన్స్ కావాలి. లెక్క కోసం ఒక గుర్తు: చదరపు సెంటీమీటరుకి 1 మిల్లీగ్రాము ఆక్సిజన్ ఎక్కితే క్రోమియా అయితే సుమారు 6 మైక్రాన్లు, మాగ్నటైట్ అయితే సుమారు 7. బరువొక్కటే నమ్మొద్దు, పెచ్చు ఊడితే బరువు తగ్గుద్ది, చూసేవాడు బాగుందనుకుంటాడు. ముక్కలన్నీ ఒకే గ్రిట్ పేపర్‌తో రుద్దాలి, ఎందుకంటే పై తోలు నలిగి ఉంటే క్రోమియం తొందరగా పైకొచ్చి రిజల్ట్ మారిపోతది, మా వాళ్ళు ట్యూబులు లోపల షాట్ పీనింగ్ (సన్న గుండ్లతో కొట్టడం) చేయించి కొనేది ఆ కిటుకు కోసమే.

మైక్రోస్కోపులు మాకు లేవు అంటారు. పొర చూడాలంటే ఎస్ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) కావాలి, నిజమే, దానికి ఏర్పేడులో ఉన్న తిరుపతి ఐఐటీని అడగండి, ఒక రోజు స్లాట్ ఇవ్వమని. కార్బన్ ఎంత లోతు దిగిందో చూడటానికి మాత్రం మీ దగ్గరున్న మైక్రో వికర్స్ (గట్టిదనం కొలిచే మిషను) చాలు, ఏడాదికి ఒక్కసారి ల్యాబ్ ఎగ్జామ్ రోజు మాత్రం ముసుగు తీసే మిషనే అది. ముక్కని అడ్డంగా కోసి, అంచు నుంచి లోపలికి వరసగా గుద్దుకుంటూ పోండి, అంచు దగ్గర హార్డ్‌నెస్ ఎక్కువ ఉండి లోపలికి పోయే కొద్దీ తగ్గి మామూలైపోయిందంటే ఆ లోతే మీ కార్బన్ లోతు. అదే స్టీల్ ముక్కని గాలిలో అంతే వేడికి అన్ని గంటలు పెట్టి పక్కన పోల్చండి, వేడి వల్ల వచ్చిన తేడా ఎంత, కార్బన్ వల్ల ఎంత అన్నది విడిపోతది. ముక్కని రెసిన్‌లో మౌంట్ చేసే ముందు నికెల్ ప్లేటింగ్ వేయకపోతే అంచు గుండ్రంగా అరిగిపోయి ఏమీ కనపడదు, ఇది కూడా చెప్పండి.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. ఓవర్‌హాలింగ్ అప్పుడు పాత ట్యూబులు కోసి తీసేస్తారు గదా, అవి యాడికి పోతాయో తెలుసా? స్క్రాప్ యార్డుకి, ఆడ నుంచి వేలానికి. నేను పని చేసిన ఒక చోట దాదాపు లక్ష గంటలు నడిచిన సూపర్ హీటర్ ట్యూబులు, ఏ ఎలివేషన్, ఎన్నో నంబరు కాయిల్, ఎంత టెంపరేచర్ అన్నీ రికార్డు ఉన్నవి, కుప్పలో వేసి కిలోల లెక్కన లారీకెక్కించారు. సార్ ఒక్క అడుగు ముక్క ఉంచండి, కాలేజీకి పనికొస్తది అంటే, ఏ కాలేజీ, లెటర్ ఏది అన్నారు. వాళ్ళదీ తప్పు కాదు, అడిగే లెటరు నిజంగానే లేదు. లక్ష గంటల ఆక్సైడు పొర మీరు ఫర్నేస్‌లో చేయాలంటే పదకొండేళ్ళు పైన పడతది, అది ఇక్కడ ఊరికే దొరుకుతంది. అది స్టీమ్ పొరే గానీ సీఓటూ పొర కాదు, ఒప్పుకుంటా. కానీ అదే టీ91, అదే 347 ట్యూబు నుంచి ఒక ముక్క కోసి స్టీమ్ పొర చూసి, ఇంకో ముక్క శుభ్రంగా రుద్ది మీ సీఓటూ ఫర్నేస్‌లో పెడితే, ఒకే లోహానికి రెండు గ్యాసుల్లో ఏం తేడా వచ్చిందో పక్కపక్కన కనపడతది. పెద్ద ల్యాబులు కొత్త లోహం కొనుక్కొని చేస్తాయి, ఏళ్ళ తరబడి నిజంగా పని చేసిన లోహం వాళ్ళకి అంత తేలిగ్గా దొరకదు. మనకి ముత్తుకూరు రోడ్డు మీద లారీల్లో పోతంది.

మూడోది చిన్నది. రేపటి నుంచి సీఓటూ సైకిల్ ప్రాజెక్టు రిపోర్టు మీ టేబుల్ మీదికొస్తే, ప్రతి వేడి భాగానికీ మెటీరియల్ పేరు, దాని టెంపరేచర్, గోడ మందం, ఎన్ని గంటల డేటా మీద నమ్మి రాశారో ఒక టేబుల్ లేకపోతే సంతకం పెట్టకండి. పిల్లలు తిట్టుకుంటారు, తిట్టుకోనీండి. వైవాలో ఎక్స్‌టర్నల్ సారు ఎట్టాగూ అడగడు, మీరన్నా అడగండి.

డబ్బుల సంగతి కూడా నాకు తెలుసు, ల్యాబ్‌కి గ్యాసు సిలిండరు కొనాలన్నా మేనేజ్‌మెంట్ చుట్టూ తిరగాలి, కోర్సులకి గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ వాళ్ళొచ్చేటప్పుడు తప్ప పెయింట్ కూడా వేయరు. ఫర్నేస్ ఒక కాలేజీది, బ్యాలెన్స్ ఇంకో కాలేజీది, హార్డ్‌నెస్ మిషన్ మూడో కాలేజీది అనుకుంటే ఎవురికీ భారం పడదు. నెల్లూరు వాళ్ళు జేఎన్‌టీయూ అనంతపురం కింద, ఒంగోలు వాళ్ళు కాకినాడ కింద, ఒకళ్ళ ఫైలు ఒకళ్ళకి పోదు అనే సాకు చెప్పొద్దు, కూపన్ ముక్క జేబులో పడతది, బస్సెక్కితే రెండు, రెండున్నర గంటల్లో ఒంగోలు. వచ్చిన రిజల్ట్ మంచిదైనా చెడ్డదైనా అందరూ ఒకే షీట్‌లో రాయండి, ముఖ్యంగా చెడిపోయిన ముక్కల గురించి, వాటి డేటానే ఎవురూ బయట పెట్టరు.

ట్యూబుల కోసం అడగాలంటే షట్‌డౌన్ మొదలయ్యాక పోతే లాభం లేదు, అప్పుడు ఎవురికీ తల గోక్కునే టైము ఉండదు. యాన్యువల్ ఓవర్‌హాలింగ్ షెడ్యూల్ ముందే ఖరారవుతది, దానికి రెండు నెలల ముందే ప్రిన్సిపాల్ సంతకంతో ప్లాంట్ హెడ్ పేరున లెటర్ పెట్టండి, మెటలర్జికల్ స్టడీ కోసం అని, ఎన్ని ముక్కలో, ఎంత పొడవో రాసి. ఒక్కోటి 300 మిల్లీమీటర్లు చాలు. గ్యాస్ కటింగ్ వద్దు, రంపంతో కోయమని రాయండి, గ్యాస్‌తో కోస్తే చివర్లు కాలిపోయి పొర పాడైపోతది. కోసే ముందే మంట తగిలే వైపు ఏదో, స్టీమ్ ఎటు నుంచి ఎటు పోతదో ట్యూబు మీద వైట్ పెయింట్‌తో బాణం గుర్తు వేయించండి, కోసి కింద పడేశాక ఆ రెండూ చెప్పగలిగినవాడు ఎవుడూ ఉండడు. రెండు చివర్లా ప్లాస్టిక్ క్యాపులు పెట్టి, లోపల సిలికా జెల్ పొట్లం వేసి మూయండి, మన సముద్రపు గాలికి వారంలోనే మీద ఎర్ర తుప్పు వచ్చేస్తది, ఆ తర్వాత ఏది ప్లాంట్‌లో వచ్చిన పొరో ఏది యార్డులో వచ్చిందో తేల్చుకోలేక పిల్లలు తల పట్టుకుంటారు.

ఇట్లు,
ముత్తుకూరు మండలం నుంచి
ఒక బాయిలర్ ట్యూబుల ఇన్‌స్పెక్షన్ మనిషి